నీళ్ల గోడకు పరుపు కుట్టు

ప్రొద్దుటూరులో పరుపుల లాల్ బాషా దుకాణం ఎక్కడ అని అడిగితే తల గోక్కునేవాళ్లు. హార్బర్ బాషా అని అడిగితే మాత్రం చేతిలో పని వదిలేసి మరీ దుకాణం దాకా దిగబెట్టేవాళ్లు. సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడని ఊరు మాది. ఇటువంటి ఊళ్లో ఒక మనిషికి హార్బర్ ఇంటిపేరైందంటే నవ్వొస్తుంది. పేరు పెట్టింది మేమే. దాన్ని కొత్త అల్లుడు పట్టుపంచె కట్టుకుని తిరిగినట్టు ఊరంతా తిప్పింది మాత్రం అతనే.

వాళ్లది దూదేకుల ఇల్లు. తండ్రి విల్లు భుజాన వేసుకుని చాపాడు, రాజుపాలెం పల్లెల్లో తిరుగుతూ, ఇళ్ల ముందే కూర్చుని దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కొడుక్కి ఆయన నేర్పిన మొదటి విద్య టాకా వేయడం. పరుపు నింపి, నాలుగు వైపులా మూతి కుట్టి వదిలేస్తే అది పరుపు కాదు, మూట. పొడవాటి దబ్బనంతో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి దారం దూర్చి, బిగించి, ముడి వేయాలి. జానెడు దూరానికొక ముడి. అప్పుడే లోపలి దూది జరగకుండా ఉన్నచోట ఉంటుంది. ముడి వదులుగా ఉంటే ఆయన పరుపంతా విప్పించి మళ్లీ కుట్టించేవాడు. అందుకే లాల్ బాషా చేతికి దబ్బనం దొరికితే టాకా వేయకుండా ఉండలేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే పని.

ఫోము పరుపులొచ్చి దూది పని పడుకున్నాక లాల్ బాషా కువైట్ పోయాడు. మా పేటలో అది వింతేం కాదు. ఒకడు డ్రైవరు, ఇంకొకడు వంటమనిషి. లాల్ బాషాను మాత్రం తీసుకెళ్లిన కంపెనీ ఒక హార్బర్‌లో పనికి పెట్టింది. కొన్నేళ్లకు తిరిగొచ్చి అతనూ ఫోము పరుపుల దుకాణమే తెరిచాడు. సాయంత్రమైతే పక్కనున్న టీ కొట్టు దగ్గర చేరి హార్బర్ ముచ్చట్లు మొదలుపెట్టేవాడు.

"ఓడంటే ఏమనుకుంటాండారప్పా? మన శివాలయం వీధిని ఇండ్లతో సహా ఎత్తి నీళ్ల మీద పెట్టినట్లుంటాది. అట్లాంటియి లోపల వరసగా నిలబడి ఉంటాయి. దొంగ పడవలు వాటికాడికి రాకుండా నీళ్ల మీదనే గోడ. పసుప్పచ్చ దిండ్లు, ఒకదాని ఎనక ఒకటి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. కింద వల. పడవ ఎంత ఉరుకుతా వచ్చినా దాన్ని గుద్దుకొని ఆడనే ఆగిపోవాల. ఆ గోడ పని శానా ఏండ్లు నా చేతుల మీదనే నడిచింది."

మేము నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. నీళ్ల మీద గోడ తేలడమేంది, ఓడలకు అది కాపలా కాయడమేంది! మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లం. చెప్పిన ప్రతిసారీ దిండ్లు కొంచెం పెద్దవయ్యేవి, లాల్ బాషా ఉద్యోగం కూడా కొంచెం పెద్దదయ్యేది.

అతని చేతుల మీద నడిచిందన్నది పూర్తిగా అబద్ధం కాదు. సముద్రంలో తేలే ఏ వస్తువుకైనా అడుగున నత్తలు, గుల్లలు, నాచు పట్టుకుంటాయి. వదిలేస్తే ఆ బరువుకి దిండు కిందికి దిగిపోతుంది. అందుకని వాటిని వంతులవారీగా ఒడ్డుకు లాగుతారు. ఇనుప గీకుడు పలకతో ఆ గుల్లలు గీకి, పైపుతో కడిగి పక్కన పెట్టడమే లాల్ బాషా పని. గోడ తయారుచేసేవాళ్లు వేరు, నీళ్లలోకి దిగి కట్టేవాళ్లు వేరు. గుల్లలు కోసి అతని అరచేతుల నిండా గీతలు. టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆ గీతల సంగతి అడిగితే "ఇనుప తాడు లాగినప్పుడు" అనేవాడు. దూదేకుల ఇంట పుట్టి, సముద్రం దాటిపోయి నత్తలు గీకినానని చెప్పుకోవడానికి అతనికి సిగ్గు. ఆ సంగతి పెళ్లాం సకీనాకు కూడా చెప్పలేదు.

ఇది ఇట్లాగే టీ కొట్టు దగ్గర మొదలై టీ కొట్టు దగ్గరే ఆరిపోయి ఉంటే ఎవరికీ నష్టం లేదు. మన ఊళ్లల్లో కువైట్ కోతలు కోయనిదెవరు?

జమ్మలమడుగు అవతల ఒక డ్యాము వెనక నీళ్లలో పడవ షికారు తిప్పడానికి పులివెందుల కుళ్లాయప్ప కాంట్రాక్టు తెచ్చుకున్నాడు. మనిషి మంచివాడే, తొందర ఎక్కువ. గేట్లకు ఇవతల నీళ్ల మీద తేలే అడ్డు కడితేనే పడవ దింపనిస్తామని డ్యాము వాళ్లు పట్టుబట్టారు. ఇంజిను ఆగి పడవ కొట్టుకుపోతే గేట్ల దాకా పోకుండా ఆపేది అదే మరి. అట్లాంటివి తయారుచేసే కంపెనీ వాళ్లను అడిగితే అది వచ్చేసరికి సెలవులైపోతాయన్నారు. ఎవరో అతనికి మా హార్బర్ బాషా సంగతి చెప్పారు. కుళ్లాయప్ప నేరుగా దుకాణం ముందు జీపు ఆపాడు. టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా గ్లాసులు పట్టుకునే వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ఏమప్పా, హార్బర్‌లో నీళ్ల గోడ కట్టినోడివి నువ్వేనంట గదా. మాకొకటి కట్టియ్యగలవా?"

కట్టింది నేను కాదన్నా, దానికి పట్టిన మురికి గీకినోణ్ని. ఈ ఒక్క మాట అంటే సరిపోయేది. జీపు వెనక్కి పోయేది, మేము నాలుగు రోజులు నవ్వుకునేవాళ్లం, అంతటితో అయిపోయేది. లాల్ బాషా మా ముఖాలు చూశాడు. అందరం అతని తరఫున అప్పటికే తల ఊపుతున్నాం.

"అదేమంత పనప్పా," అన్నాడు. "ఇనుప తాడు నువ్వు తెప్పియ్యి. దిండ్లు నేను కుడ్తా."

హార్బర్‌లో ఒకసారి పగిలిన దిండు లోపల తెల్లగా, స్పాంజిలాగా ఏదో కనిపించింది. దాన్ని తాకి కూడా చూడలేదు. ఆ ఒక్క చూపుతో పనికి దిగాడు. దుకాణంలో ఫోము ముక్కలకు కొదవ లేదు. పసుప్పచ్చ టార్పాలిన్ పట్ట తెప్పించి, పొడుగు దిండ్లు కత్తిరించి, ఫోము ముక్కలు కూరి, మొగుడూ పెళ్లాలు మూతులు కుట్టారు. పని బాగానే కుదిరింది. కానీ దిండును పైకెత్తితే లోపలి ముక్కలన్నీ ఒక పక్కకు జారాయి. లాల్ బాషాకు తండ్రి గుర్తొచ్చాడు. పెట్టెలోంచి పొడుగు దబ్బనం తీశాడు. జానెడుకొక టాకా చొప్పున దిండ్లన్నిటికీ వేసుకుంటూ పోయాడు. ముడులు ఒక్కటి కూడా వంకర లేదు.

సకీనా ఒక దిండును వెలుతురుకు పెట్టి చూసింది. దబ్బనం దిగిన ప్రతిచోటా సూది మొనంత సందు కనిపించింది.

"ఏమయ్యా, నీళ్లలో ఏసేదానికి ఇన్ని బొక్కలు ఏంటికి? నీళ్లు పట్టుకోదా లోపల?"

"హార్బర్‌లో ఇట్లనే కుడ్తారు," అన్నాడు.

"ఫోమంటే నీళ్లు పీల్చేది గదా..."

"హార్బర్ నేను చూసినానా, నువ్వు చూసినావా? గమ్మునుండు."

సకీనా ఇంకో దిండు అందుకుంది. ఆమె తెలివైన మనిషి. కానీ హార్బర్ అన్న మాట ఎత్తితే ఆ ఇంట్లో ఇంకెవరికీ నోరు ఉండేది కాదు.

గోడ కట్టిన రోజు మా పేట నుంచి ఆటోలు కట్టుకుని పోయాం. నిజం చెప్పాలంటే కళ్లు చాల్లేదు. ఎర్రటి కొండల నడుమ నీళ్లు, ఆ నీళ్ల మీద ఈ దరి నుంచి ఆ దరికి పసుప్పచ్చ దిండ్లు వరసగా ఊగుతున్నాయి. లాల్ బాషాతో ఫోటో దిగనివాడు లేడు.

పడవ నడిపేది తిరుపాల్. వాళ్లు గొర్రెలు మేపుకునేవాళ్లు. డ్యాములో వాళ్ల ఊరు మునిగి, మేత బీళ్లు మునిగి, మందను అమ్ముకున్నారు. ఇప్పుడు ఆ బీళ్ల మీదుగానే తిరుపాల్ జనాన్ని షికారు తిప్పుతాడు. ఈత నేర్చుకున్నాడు, ఇంజిను నేర్చుకున్నాడు గానీ నీళ్లంటే భయం ఇంకా పోలేదు. ఆ భయంతోనే పడవలో పెద్ద ఇనుప లంగరు పెట్టుకున్నాడు. అది ఎక్కేవాళ్ల కాళ్లకు తగులుతుందని కుళ్లాయప్ప గొణుగుతున్నాడు. ఆ రోజు తిరుపాల్ లాల్ బాషాను పక్కకు పిలిచాడు.

"మామా, నువ్వు తెలిసినోడివి. అడుగుతాండా, చెప్పు. ఇంజిను ఆగిపోతే ఈ గోడ ఆపుతాదా? లంగరు ఒడ్డున పెట్టేస్తే ఏం కాదా?"

"గోడ ఉండంగ లంగరు ఏంటికిరా? ఓడలనే కాపాడే గోడ ఇది," అన్నాడు లాల్ బాషా, అతని భుజం తట్టి.

తిరుపాల్ లంగరు దింపి ఒడ్డున పెట్టాడు.

వారం దాటాక ఒక శుక్రవారం దుకాణం మూసి, సకీనా చూడలేదని ఆమెను తీసుకుని లాల్ బాషా డ్యాము దగ్గరికి పోయాడు. ఒడ్డున దిగగానే సకీనా నీళ్ల వైపు చూసి, మొగుడి వైపు చూసింది. మొదటి రోజు సొరకాయల్లా పైకి తేలిన దిండ్లు ఇప్పుడు వీపులు మాత్రమే చూపిస్తున్నాయి. నడి నీళ్లల్లో అవి కూడా లేవు. అక్కడ గోడ నీటి కిందికి దిగిపోయి, లోపల ఎక్కడో పసుప్పచ్చగా మసకగా కనబడుతోంది.

"తాగుతాండాయి," అంది సకీనా మెల్లగా.

అప్పుడు తెలిసింది లాల్ బాషాకు, టాకా టాకాకూ తనే నీళ్లకు దారి చేసిపెట్టాడని. అతని కాళ్ల పక్కనే ఒడ్డు మీద తిరుపాల్ లంగరు పడి ఉంది. తడికి తుప్పు పట్టడం మొదలైంది. పడవ అప్పుడే జనాన్ని దింపి, ఇంకో బ్యాచీని ఎక్కించుకుంటోంది.

తిరుపాల్ నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం మామా, దిండ్లు కొంచెం దిగినట్లుండాయి. ఏం కాదు గదా?"

"తడిసినాక బరువెక్కుతాది. అదే దాని తీరు," అన్నాడు లాల్ బాషా. నోరు అలవాటు కొద్దీ ఇంకో మాట కూడా అంది. "హార్బర్‌లో ఇట్లనే."

సకీనా కొంగు ముఖం మీదికి లాక్కుని పక్కకు తిరిగింది. తిరుగు బస్సులో ఆమె మొగుడి పక్కన కాకుండా ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. ప్రొద్దుటూరులో దిగాక ఒక్క మాటే అడిగింది.

"ఆ పిల్లోనికి చెప్పకుండా ఎట్ల వచ్చినావయ్యా?"

ఆ రోజు నుంచి లాల్ బాషా అన్నం ముందు కూర్చుని, తినకుండానే చేయి కడుక్కునేవాడు. టీ కొట్టు వైపు రావడం మానేశాడు. మేమేమో పెద్ద కాంట్రాక్టరయ్యాడు, ఇక మనతో ఏం పని అని ఎగతాళి చేశాం. ఒక పొద్దున లాల్ బాషా ఎగువన వానలు పడుతున్నాయనీ, డ్యాముకు నీళ్లొస్తున్నాయనీ, ఒక గేటు కొంచెం ఎత్తారనీ పేపర్లో చూశాడు. ఆ పొద్దున దుకాణం తెరవకుండానే జమ్మలమడుగు బస్సెక్కాడు.

చెప్పడానికే బయలుదేరాడు. అందులో అనుమానం లేదు. కానీ దారి పొడుగునా అతను మనసులో అల్లుకున్నది నిజం కాదు. పట్ట అమ్మినవాడు మోసం చేశాడని చెబుదామా, చేపలు కొరికాయని చెబుదామా అని లెక్కలు వేసుకున్నాడు. పట్ట మీదికే నెట్టేద్దామని నిశ్చయించుకున్నాక మనసు కొంచెం తేలికపడిందట. అట్లా తేలికపడినందుకే తన మీద తనకు ఇప్పటికీ అసహ్యమని తర్వాత అతనే చెప్పాడు.

డ్యాము దగ్గర దిగేసరికి ఒడ్డున జనం మూగి ఉన్నారు. అతన్ని చూడగానే "వచ్చినాడు, హార్బర్ బాషా వచ్చినాడు" అని కేకలు. కుళ్లాయప్ప పరుగెత్తుకొచ్చి కావలించుకున్నాడు.

"బతికిచ్చినావప్పా! ఇంజిను ఆగిపోయింది, పడవ నిండా జనం, గాలికి గేట్ల దిక్కు కొట్టుకపోయింది. నీ గోడ కాడికి వచ్చి టక్కుమని నిలబడె! అందర్నీ ఒడ్డుకు లాగినాం. మా పులివెందుల దిక్కు చెరువుకు కూడా నువ్వే కట్టల్ల ఇట్లాంటిది."

ఎవరికోసమో తెచ్చిన శాలువా ఒకటి జీపులో ఉంటే అది తెచ్చి అతని భుజాల మీద కప్పాడు. చప్పట్లు కొట్టారు. లాల్ బాషా నీళ్ల వైపు చూశాడు. నడి నీళ్లల్లో దిండు ఒక్కటీ కనబడలేదు. గోడ ఆపలేదు, ఆపి ఉండదు. మరి పడవ ఎట్లా ఆగింది? ఆ సంగతి అతనికి అర్థం కాలేదు. శాలువా మాత్రం తీసేయలేదు.

"తిరుపాల్ యాడ?" అని అడిగాడు.

"చేతికి దెబ్బ తగిలింది. జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకపోయినారు."

ఆస్పత్రి గదిలో తిరుపాల్ మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి పెద్ద కట్టు. పక్కన వాళ్ల అమ్మ మునెమ్మ. లాల్ బాషా గుమ్మంలోకి రాగానే ఆమె లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. గొర్రెల వెంట తిరిగి కాయలు కాచిన చేతులు ఆమెవి.

"నాయనా, నీ గోడ లేకుంటే నా కొడుకు నాకు దక్కేటోడా? రెండు వేళ్లు పోతే పోయినాయి. మనిషిని మిగిలిచ్చినావు. నీ కడుపు సల్లగుండ."

ఆ చేతుల్లోంచి తన చేతులు లాక్కోవడానికి అతనికి మనసొప్పలేదు, అట్లాగని ఉంచడానికీ మనసొప్పలేదు. మంచం వైపు చూశాడు. తిరుపాల్ అతన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు గానీ ఎప్పుడూ ఉండే నవ్వు కూడా లేదు.

"గోడ యాడిదిమా," అన్నాడు తిరుపాల్. "పడవ దాని మీదనే దాటిపోతాండె. వంగి చూస్తే నీళ్ల కింద దిండ్లు కట్టిన ఇనుప తాడు కనపడె. పడవ పగ్గం దానికి చుట్టినా. నా చెయ్యి మద్దెలో పడింది."

మునెమ్మకు అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పట్ట అమ్మినవాడి మాట లాల్ బాషా నాలుక చివరిదాకా వచ్చింది. మునెమ్మ ఇంకా చేతులు వదల్లేదు. ఆమె బొటనవేలు అతని అరచేతి గీతల మీద ఉంది.

"అమ్మా, నేను యా గోడా కట్టలేదు," అన్నాడు. "హార్బర్‌లో నేను ఆ దిండ్లకు పట్టిన నత్తలు గీకేటోణ్ని. దాని లోపల ఏముంటాదో నాకు తెలీదు. పరుపు కుట్టినట్లు కుట్టినా. అది మునుగుతాందని శుక్రవారమే చూసినా. సిగ్గై చెప్పలేదు."

మునెమ్మ చేతులు వదిలేసింది. తిట్టలేదు. వదిలేసి, పోయి కొడుకు మంచం పక్కన కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదని లాల్ బాషా అనుకున్నాడు. భుజం మీద శాలువా ఇంకా ఉందని అప్పుడు గమనించి, గబగబా తీసి చంకలో కుక్కుకున్నాడు.



"ఆ పొద్దే చెప్పింటే," అన్నాడు తిరుపాల్ కట్టు వైపు చూస్తూ, "నేను లంగరు పడవలో ఏసుకుంటాంటి గదా మామా."

లాల్ బాషా శాలువా తీసుకుపోయి కుళ్లాయప్పకు ఇచ్చి, అదే మాట చెప్పాడు. కుళ్లాయప్ప అన్న మాటలు రాయడానికి పనికిరావు. ఊరికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడి మాకూ చెప్పాడు. మాలో ఒకడికి నవ్వు రాబోయింది. అతని ముఖం చూసి ఆపుకున్నాడు. ఇంటికి పోయి సకీనాకు చెబితే, నత్తల సంగతి విని ఆమె అతని అరచేతులు తిప్పి చూసి, "ఇంత కోసుకున్న చేతులకు సిగ్గేంటికి పడినావయ్యా" అని ఏడ్చింది.

తర్వాత కంపెనీ వాళ్ల గోడ వచ్చింది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, ఎక్కడా కుట్టు లేదు. డ్యాము నీళ్లలో నత్తలు తక్కువ గానీ నాచు పడుతుంది. ఎవరూ పిలవకపోయినా లాల్ బాషా శుక్రవారాలు గీకుడు పలక పట్టుకుని పోతాడు. కుళ్లాయప్ప చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. తిరుపాల్ మాత్రం అతన్ని పడవలో ఎక్కించుకుని గోడ దాకా తీసుకుపోతాడు. మామా అనే పిలుస్తాడు, మంచినీళ్లు ఇస్తాడు, లాల్ బాషా గీకినంతసేపూ ఓపికగా కూర్చుంటాడు.

అయితే గోడ దగ్గరికి చేరగానే, ఇంజిను ఆపకముందే, తిరుపాల్ లేచి లంగరు నీళ్లలోకి వదులుతాడు. మిగిలిన మూడు వేళ్లతో తాడును లాగి, పట్టిందో లేదో చూసుకుంటాడు. మళ్లీ ఒకసారి లాగి చూస్తాడు. అదంతా అయ్యేదాకా లాల్ బాషా తల వంచుకుని, గీకుడు పలకను ఊరికే గుడ్డతో తుడుస్తూ ఉంటాడు.